అప్‌డేట్ ఉందో లేదో ప్రోగ్రామ్‌నే అడగండి

మా పెదనాన్న తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. శతక పద్యాలకు టీకలు రాసుకుంటూ ఉంటారు. రాయడానికి లాప్‌టాప్‌లో లిబ్రెఆఫీస్ వాడతారు. ఒక సాయంత్రం ఫోన్ చేశారు.

“ఏదో అప్‌డేట్ చేయమంటోందిరా. నొక్కమంటావా?”

“ఎక్కడ కనిపిస్తోంది పెదనాన్నా? మీరు రాసుకునే ప్రోగ్రామ్‌లోనా, ఇంటర్‌నెట్‌లోనా?”

“పేపరు చదువుతుంటే మధ్యలో వచ్చింది. ఎర్ర అక్షరాలతో ఉంది. ఫ్లాష్ ప్లేయర్ పాతబడిపోయిందట, వెంటనే మార్చుకోవాలట.”

“నొక్కకండి. ఆ పేజీని అలాగే మూసేయండి. నేను చెప్పేదాకా ఇంకేమీ ముట్టుకోకండి.”

వెబ్ పేజీల్లో వీడియోలు, ఆటలు ఆడించే ఫ్లాష్ ప్లేయర్‌కు దాని సొంతదారు అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తోనే మంగళం పాడింది. 2021 జనవరి 12 నుంచి అందులో ఏదీ ఆడకుండా ఆపేసింది కూడా. ఆ తరువాత ఎక్కడ “ఫ్లాష్ అప్‌డేట్” అని కనిపించినా అది మోసమే. పెదనాన్న అడిగారు కాబట్టి గండం గడిచింది. అడగడానికి ఎవరూ లేక ఆ బొత్తాం నొక్కేసిన పెద్దవాళ్లు ఎంతమంది ఉంటారో అని ఆ రాత్రి చాలాసేపు బాధపడ్డాను. ఆయనకు ఫోన్‌లో దగ్గరుండి చేయించిన పనినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీ కోసం చదువుకోండి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చుని ఒకసారి చేయించండి.

అన్నిటికంటే ముందు మనసులో పెట్టుకోవలసిన మాట ఒకటుంది. అప్‌డేట్ ఉందా అని మనం వెళ్లి ప్రోగ్రామ్‌ను అడగాలి. బ్రౌజర్‌లో ఏదో చదువుతుండగా ఎదురుగా వచ్చి “మీది పాతబడింది” అని చెప్పేవారి మాట వినకూడదు. మీరు చదివే పేజీకి మీ బ్రౌజర్ ఏ వెర్షనో తెలిసే వీలుంది. మీ కంప్యూటర్‌లో ఉన్న లిబ్రెఆఫీస్ ఎప్పటిదో, వీడియోలు చూసే వీఎల్‌సీ ఎప్పటిదో ఆ పేజీకి తెలిసే దారే లేదు. తెలియని సంగతిని తెలిసినట్టు చెబుతోందంటేనే అనుమానించాలి.

ఉదాహరణకు లిబ్రెఆఫీస్‌నే తీసుకుంటాను. అది ఉచితం, తెలుగు మెనూలు ఉన్నాయి, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఈ ఒక్కదానిలో చేయి తిరిగితే మిగతావాటిలో దారి వెతుక్కోవడం కష్టం కాదు.

ఇప్పుడు ఉన్నది ఏ వెర్షనో రాసుకోండి

లిబ్రెఆఫీస్ తెరవండి. పై వరుసలో చివరగా హెల్ప్ అనే మెనూ ఉంటుంది. తెలుగు మెనూలు పెట్టుకున్నవారికి అక్కడ “సహాయం” అని కనిపిస్తుంది. దాన్ని నొక్కి, జాబితాలో అట్టడుగున ఉన్న “అబౌట్ లిబ్రెఆఫీస్” తెరవండి. మ్యాక్‌లో అయితే ఇది ఎడమ చివర, ఆపిల్ గుర్తు పక్కన ఉండే లిబ్రెఆఫీస్ మెనూలో ఉంటుంది. చిన్న విండో ఒకటి వస్తుంది. అందులో వెర్షన్ అన్న మాట పక్కన 25.2.3.2 లాంటి అంకెలుంటాయి. వాటిని కాగితం మీద రాసుకోండి, పక్కన తేదీ వేయండి.

ఈ అంకెలను చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. 25 అంటే 2025వ సంవత్సరం. 2 అంటే రెండో నెల, ఫిబ్రవరి. అంటే ఈ వెర్షన్ 2025 ఫిబ్రవరిలో మొదలైందన్నమాట. తరువాతి 3, అందులో దోషాలు సరిచేస్తూ వచ్చిన మూడో విడత. ఆఖరి 2 తయారుచేసేవారి లోపలి లెక్క, దానితో మనకు పని లేదు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి ప్రాంతంలో ఒకటి, ఆగస్టులో ఒకటి కొత్త వెర్షన్ వస్తుంది: 24.2, 24.8, 25.2, 25.8 అలా. ఒక్కో వెర్షన్‌కు సుమారు తొమ్మిది నెలలపాటు సవరణలు ఇచ్చి, తరువాత ఆపేస్తారు. ఈ సంవత్సరం, నెల లెక్క 2024 ఆరంభంలో వచ్చిన 24.2తో మొదలైంది. అంతకు ముందు ఉన్నది 7.6. కాబట్టి మీ దగ్గర 7తోనో 6తోనో మొదలయ్యే అంకె కనిపిస్తే, దానికి సవరణలు రావడం ఆగిపోయి చాలా కాలమైందని అర్థం. ఈ రోజే పని మొదలుపెట్టండి.

ఇక అడగండి

1. తెరిచి ఉన్న ఫైళ్లన్నీ సేవ్ చేయండి. అడిగినంత మాత్రాన ఏదీ మారిపోదు. అయినా అలవాటు మంచిది.

2. అదే హెల్ప్ మెనూలో “చెక్ ఫర్ అప్‌డేట్స్” నొక్కండి. మ్యాక్‌లోనైతే లిబ్రెఆఫీస్ మెనూలోనే చూడండి.

3. ఒక చిన్న విండో తెరుచుకుని కొన్ని క్షణాలు వెతుకుతుంది. తొందరపడి మూసేయకుండా జవాబు వచ్చేదాకా ఆగండి.

వచ్చే జవాబు మూడు రకాల్లో ఏదో ఒకటి. “అప్ టు డేట్” అని వస్తే మీ దగ్గర ఉన్నది సరైనదేనని అది చెబుతున్నట్టు. కొత్త వెర్షన్ ఉందని వస్తే దాని అంకె కూడా చూపిస్తుంది. ఆ అంకెను మీరు రాసుకున్న అంకె కింద రాసుకోండి. చాలాసార్లు దానితోపాటే, ఇది తనంతట తాను దించుకోవడం ప్రస్తుతం కుదరదని, డౌన్‌లోడ్ బొత్తాం నొక్కి సైటు నుంచి తెచ్చుకోమని కూడా ఉంటుంది. పెదనాన్న అక్కడే ఆగిపోయి, ఏదో పాడైపోయిందనుకున్నారు. ఏమీ పాడవలేదు. ఆ బొత్తాం నొక్కితే బ్రౌజర్‌లో లిబ్రెఆఫీస్ సొంత సైటు తెరుచుకుంటుంది, అంతే.

మూడో జవాబు, వెతకడం కుదరలేదని. దీని దగ్గర కాస్త నిలబడాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ముందు నెట్ వస్తోందో లేదో చూడండి. వస్తుంటే, కంప్యూటర్ కుడివైపు కింద మూలన ఉన్న తేదీ, సమయం చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించేది అదే. ఆ సెల్ అయిపోయిందంటే, ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఎదుటి సైటు అసలుదా కాదా అని ధ్రువపత్రం చూసి తేల్చుకునేటప్పుడు కంప్యూటర్ ఆ తేదీనే నమ్ముతుంది. తేదీ తప్పయితే ధ్రువపత్రం చెల్లదనుకుంటుంది, తలుపు వేసేస్తుంది. ఒక జిరాక్స్ షాపులో రెండు నెలలుగా ఏ అప్‌డేటూ రావడం లేదని బాధపడుతుంటే వెళ్లి చూశాను. కంప్యూటర్‌లో తేదీ 2009 జనవరి అని ఉంది. సీఆర్2032 అని అడిగితే గడియారాల దుకాణంలో కూడా ఆ సెల్ దొరుకుతుంది. మార్చి, తేదీ సరిచేసిన వెంటనే అప్‌డేట్ సంగతి చెప్పడం మొదలుపెట్టింది.

ఆఫీసులో వాడే కంప్యూటర్ అయితే మాత్రం అక్కడి ఫైర్‌వాల్, అంటే నెట్ రాకపోకలకు కాపలా కాసే ఏర్పాటు, ఆపుతూ ఉండవచ్చు. అప్పుడు మీరు ప్రయోగాలు చేయకుండా, కంప్యూటర్లు చూసుకునేవారికి చెప్పండి.

మెనూలో అసలు “చెక్ ఫర్ అప్‌డేట్స్” అనేదే లేకపోతే కంగారు వద్దు. ఉబుంటు లాంటి లినక్స్‌లలో లిబ్రెఆఫీస్ ఆ వ్యవస్థతోపాటే వస్తుంది, అప్‌డేట్ కూడా ఆ వ్యవస్థే ఇస్తుంది. అక్కడ సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్‌ను తెరిచి చూడాలి. అలాగే విండోస్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి తెచ్చుకున్న ప్రోగ్రామ్ ఏదైనా సరే, అప్‌డేట్ కోసం ఆ స్టోర్‌లోకే వెళ్లి డౌన్‌లోడ్స్ అన్న చోట (పాత స్టోర్‌లో అయితే లైబ్రరీలో) చూడాలి. మ్యాక్‌లో యాప్ స్టోర్ సంగతీ అంతే. ఏ వాకిట్లో నుంచి లోపలికి వచ్చిందో, అప్‌డేట్ కూడా ఆ వాకిట్లో నుంచే రావాలి.

ఇకపై దానంతట అదే అడుగుతూ ఉండాలనుకుంటే టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, ఎడమవైపు లిబ్రెఆఫీస్ కింద “ఆన్‌లైన్ అప్‌డేట్” చూడండి. రోజూ, వారానికోసారి, నెలకోసారి అని మూడు గడువులుంటాయి. వారం చాలు. మీకు నెట్ ఫోన్ హాట్‌స్పాట్ నుంచి వస్తుంటే మాత్రం, దానంతట అదే దించుకునే గడిలో టిక్ పెట్టవద్దు. విండోస్‌కు లిబ్రెఆఫీస్ ఫైలు సుమారు 350 ఎంబీ ఉంటుంది. రోజుకు ఒకటిన్నర జీబీతో నెట్టుకొచ్చే ఇంట్లో, పిల్లల ఆన్‌లైన్ పాఠం మధ్యలో అది దిగడం మొదలైతే ఇబ్బందే.

ఎక్కడి నుంచి దించుకోవాలి

ప్రోగ్రామ్ లోపలి బొత్తాం నొక్కి వెళ్లిన పేజీ నుంచే దించుకోండి. లేదంటే చిరునామా పట్టీలో లిబ్రెఆఫీస్ డాట్ ఆర్గ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో మీరే టైపు చేయండి. గూగుల్‌లో “డౌన్‌లోడ్” అని వెతికి పైన కనిపించిన మొదటిదాన్ని నొక్కే అలవాటును మానుకోవాలి. ఆ పైవరుస చాలాసార్లు డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. అసలు సైటు ఎక్కడో కింద ఉంటుంది.

ఈ విషయంలో మన దేశంలోనే జరిగిన ఒక సంగతి చెప్పాలి. వీఎల్‌సీ ప్లేయర్ తయారుచేసే వీడియోలాన్ సంస్థ సైటు 2022 ఫిబ్రవరి నుంచి చాలామంది నెట్ కంపెనీల దగ్గర తెరుచుకోలేదు. ఆ సంస్థ న్యాయ నోటీసు పంపాక, నవంబరులో ఆ నిషేధం తీసేశారు. ఆ నెలల్లో వీఎల్‌సీ కావలసినవారికి సొంత సైటు దారి మూసుకుపోయింది. ఏవేవో ఇతర సైట్ల నుంచి తెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. మీ దగ్గర ఉన్న వీఎల్‌సీ ఆ రోజుల్లో ఎక్కడి నుంచో వచ్చిందన్న అనుమానం ఉంటే, దాని మీదే అప్‌డేట్ చేయకండి. పూర్తిగా తీసేసి, వీడియోలాన్ సైటు నుంచి కొత్తగా తెచ్చుకోండి.

దించుకున్న ఫైలు అసలుదేనా అని చూసుకోవడం రెండు నిమిషాల పని. దాని మీద కుడి నొక్కు నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. “డిజిటల్ సిగ్నేచర్స్” అన్న భాగంలో సంతకం చేసినవారి పేరు ఉంటుంది. లిబ్రెఆఫీస్ ఫైలు మీద “ది డాక్యుమెంట్ ఫౌండేషన్” అని ఉండాలి. 2010 సెప్టెంబరులో ఓపెన్ఆఫీస్ నుంచి విడివడి లిబ్రెఆఫీస్‌ను మొదలుపెట్టిన సంస్థ అదే. వీఎల్‌సీ మీద వీడియోలాన్ అని, ఫైర్‌ఫాక్స్ మీద మొజిల్లా కార్పొరేషన్ అని ఉంటుంది. లిబ్రెఆఫీస్ అని చెప్పుకుంటూ ఆ పేరు లేని ఫైలు దొరికితే తెరవకుండా తుడిచేయండి. ఇన్‌స్టాల్ మొదలయ్యేటప్పుడు విండోస్ తెర మసకబరిచి అనుమతి అడుగుతుంది కదా, అక్కడ కూడా ఈ పేరే కనిపిస్తుంది. అలవాటు కొద్దీ “ఎస్” నొక్కేయకుండా ఆ ఒక్క వరుస చదవండి.

మార్చే ముందు మీ మాటలను దాచుకోండి

అప్‌డేట్ వల్ల మీ ఫైళ్లు పోవు. లిబ్రెఆఫీస్ మీద కొత్తది వేస్తే పాతదాని స్థానంలోకి వస్తుంది, మీ అమరికలు అలాగే ఉంటాయి. అయినా నేను ఒక ఫోల్డర్‌ను మాత్రం ప్రతిసారీ పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెడతాను. పెదనాన్న చేత కూడా తీయిస్తాను.

ఎందుకంటే తెలుగులో రాసేవారికి ఆ ఫోల్డర్ విలువ ఎక్కువ. మీరు రాస్తున్నప్పుడు అక్షరదోషమని ఎర్ర గీత పడిన మాట మీద కుడి నొక్కు నొక్కి “నిఘంటువులో చేర్చు” అన్నప్పుడల్లా ఆ మాట చేరే చోటు అదే. పెదనాన్న దగ్గర ఆ పట్టికలో ఛందస్సు మాటలు, ప్రబంధాల్లో మాత్రమే కనిపించే సమాసాలు, ఊళ్ల పేర్లు వందల్లో ఉన్నాయి. ఆయన వేలితో ఒక్కొక్కటే చేర్చిన మాటలు అవి. దానంతట అదే దిద్దే అమరికలు, ఆటోటెక్స్ట్, సొంతంగా తయారుచేసుకున్న టెంప్లేట్లు కూడా అక్కడే ఉంటాయి. పోతే వాటిని తిరిగి కూర్చుకోవడానికి ఎన్ని ఏళ్లు పడుతుందో ఆయనకే తెలియదు.

దాన్ని ఎలా పట్టుకోవాలంటే: లిబ్రెఆఫీస్‌ను పూర్తిగా మూసేయండి. విండోస్ బొత్తాం పట్టుకుని ఆర్ అక్షరం నొక్కండి. వచ్చిన చిన్న గడిలో రెండు % గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇంగ్లీషు అక్షరాల్లో, ఎక్కడా ఖాళీ వదలకుండా రాసి ఎంటర్ నొక్కండి. తెరుచుకున్న చోట లిబ్రెఆఫీస్ అనే ఫోల్డర్, దాని లోపల 4 అనే ఫోల్డర్ ఉంటాయి. వెర్షన్ 25కు చేరినా ఆ ఫోల్డర్ పేరు 4గానే ఉండిపోయింది. పాత చెత్త అనుకుని తుడిచేవారిని చూశాను. తుడవకండి, మీ సరంజామా అంతా అందులోనే ఉంది. ఆ 4 మొత్తాన్ని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. కాపీకి తేదీతో పేరు పెట్టండి.

సమయం కూడా చూసుకోవాలి. జీఎస్‌టీ లెక్కలు కట్టేవారు ప్రతి నెలా 20వ తేదీ దాటాక చేయడం మంచిది, 19 రాత్రి కాదు. పుస్తకం అచ్చుకు పంపే ముందురోజు కూడా వద్దు. లాప్‌టాప్‌కు చార్జర్ పెట్టి ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉన్నప్పుడు, కరెంటు కోత లేని వేళ చూసి మొదలుపెట్టండి. ఇన్‌స్టాల్ సగంలో కరెంటు పోతే కొత్తదీ, పాతదీ రెండూ పనిచేయకుండా పోవచ్చు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లిబ్రెఆఫీస్ విండోలన్నీ మూసి ఉండాలి. కుడివైపు కింద గడియారం పక్కన దాని క్విక్‌స్టార్టర్ (త్వరగా తెరుచుకోవడానికి వెనకాల నడుస్తూ ఉండేది) గుర్తు ఉంటే దాన్ని కూడా మూయండి. పూర్తిగా కొత్తగా వేసుకుంటున్నవారు, తెలుగు మెనూలు కావాలంటే “టిపికల్” కాకుండా “కస్టమ్” ఎంచుకుని, భాషల జాబితాలో తెలుగును చేర్చుకోండి. ఈ ఒక్క నొక్కు మరిచిపోయి, తెలుగు మెనూలు లేవని నిరాశపడేవారు చాలామంది.

మిగతా ప్రోగ్రామ్‌లలో దారి

ఫైర్‌ఫాక్స్‌లో మూడు గీతల మెనూ తెరిచి హెల్ప్‌లో “అబౌట్ ఫైర్‌ఫాక్స్” నొక్కండి. ఆ విండో తెరుచుకోవడమే వెతకడం. వేరే బొత్తాం ఉండదు. కొత్త వెర్షన్ సుమారు నాలుగు వారాలకోసారి వస్తుంది. అందరికీ ఒక్కసారే ఇవ్వకుండా కొద్దికొద్దిగా వదులుతారు. కానీ మీరే వెళ్లి ఆ విండో తెరిస్తే వరుసలో ఆగనక్కరలేదు, వెంటనే ఇస్తుంది. దిగాక “రీస్టార్ట్” నొక్కితేనే మారుతుంది. బ్రౌజర్‌ను వారాల తరబడి మూయకుండా లాప్‌టాప్ మూత మాత్రమే వేసేవారికి అప్‌డేట్ దిగి కూడా పని చేయదు.

ఫైర్‌ఫాక్స్‌ను ఏళ్ల తరబడి ముట్టుకోకుండా ఉంచినవారికి 2025 మార్చి 14న గట్టి దెబ్బే తగిలింది. ఆ రోజు మొజిల్లా వాడే ఒక మూల ధ్రువపత్రం గడువు తీరింది. వెర్షన్ 128 కంటే పాతవాటిలో యాడ్-ఆన్‌లు, అంటే బ్రౌజర్‌కు మనం తగిలించుకునే అదనపు సౌకర్యాలు, పనిచేయకుండా పోయే పరిస్థితి వచ్చింది. పాత విండోస్ కోసం ఉంచిన 115 శాఖలోనైతే 115.13 గాని, ఆ పైది గాని ఉండాలి.

క్రోమ్‌లో మూడు చుక్కలు, హెల్ప్, “అబౌట్ గూగుల్ క్రోమ్.” మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లో ఫైల్ మెనూలో అకౌంట్ తెరిచి, “అప్‌డేట్ ఆప్షన్స్” కింద “అప్‌డేట్ నౌ.” వీఎల్‌సీలో హెల్ప్ మెనూ, “చెక్ ఫర్ అప్‌డేట్స్.” అయితే వీఎల్‌సీ 3.0.12, 3.0.13 వెర్షన్లలో ఒక లోపం ఉండేది. కొత్తదాన్ని దించుకునేది గాని, ఇన్‌స్టాల్ మొదలుపెట్టేది కాదు. 2021లో 3.0.14తో సరిచేశారు గాని, ఆ రెండు వెర్షన్లలో ఇరుక్కున్నవారు చేత్తో తెచ్చుకోక తప్పలేదు. మీ వీఎల్‌సీ ఎన్నిసార్లు అడిగినా కదలకుండా ఉంటే అబౌట్‌లో ఆ అంకె ఉందేమో చూడండి.

అన్నిటికంటే నాకు దిగులు పుట్టించేవి, తమంతట తాము అప్‌డేట్ కాని ప్రోగ్రామ్‌లు. జిప్, రార్ లాంటి కుదించిన ఫైళ్లను తెరిచే విన్‌రార్ అలాంటిది. దాన్ని ఒకసారి వేసుకున్నాక మళ్లీ పట్టించుకునేవారు ఎంతమంది? 6.23కు ముందు వెర్షన్లలో ఒక పెద్ద లోపం ఉండేది. జిప్ ఫైలు తెరిచి, లోపల కనిపించే బొమ్మనో కాగితాన్నో నొక్కితే, అదే పేరుతో పక్కన దాచిన ఫోల్డర్‌లోని హానికరమైన ప్రోగ్రామ్ నడిచేది. మనకు కనిపించేది బొమ్మే. 2023 ఏప్రిల్ నుంచే దుండగులు దీన్ని వాడుకున్నారు. ఆగస్టులో 6.23 వచ్చింది. అయినా అక్టోబరులో కూడా అదే లోపంతో దాడులు సాగుతూనే ఉన్నాయని గూగుల్ భద్రతా బృందం చెప్పింది. మందు వచ్చింది, మనుషులు వేసుకోలేదు. 2025 జులైలో మరో లోపానికి విరుగుడుగా 7.13 వచ్చింది. ఈ పేరా చదివిన వెంటనే మీ విన్‌రార్‌ను తెరిచి, హెల్ప్‌లో అబౌట్ చూడమని ప్రాధేయపడుతున్నాను. అందులో 7.13 కంటే చిన్న అంకె ఉంటే ఆ సంస్థ సైటు నుంచి కొత్తది తెచ్చుకోండి. అదే పనికి 7-జిప్ వాడేవారు కూడా ఇలాగే చూసుకోవాలి. అది కూడా తనంతట తాను మారదు.

విండోస్ 11 ఉన్నవారికి ఇలాంటివాటిని ఒక్కచోట చూసే సౌకర్యం ఉంది. స్టార్ట్‌లో టెర్మినల్ అని వెతికి తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో వింగెట్ అని, ఒక ఖాళీ వదిలి అప్‌గ్రేడ్ అని రాసి ఎంటర్ నొక్కండి. కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రామ్‌లలో తాను గుర్తుపట్టిన వేటికి కొత్త వెర్షన్లు ఉన్నాయో పట్టికలా చూపిస్తుంది. ఇప్పుడున్న అంకె ఒక వరుసలో, రావలసిన అంకె పక్క వరుసలో ఉంటాయి. ఈ ఆదేశం చూపించడమే తప్ప దేన్నీ మార్చదు. అన్నిటినీ ఒకేసారి మార్చే ఆదేశం కూడా ఉంది గాని, పనికి ముఖ్యమైన ప్రోగ్రామ్‌లున్న కంప్యూటర్‌లో దాన్ని నేను వాడను. ఒక్కొక్కటే మార్చి, ఒక్కొక్కటే తెరిచి చూస్తాను. ఏదైనా తేడా వస్తే దేనివల్ల వచ్చిందో తెలియాలి కదా.

విండోస్ 7, 8 ఇంకా వాడుతున్నవారికి ఒక కష్టం ఉంది. లిబ్రెఆఫీస్ 25.8 నుంచి వాటి మీద నడవదు. క్రోమ్ అయితే 109తోనే వాటిని వదిలేసింది. పాత ప్రింటర్ కోసమో, పాత తెలుగు ఫాంట్ల ప్రోగ్రామ్ కోసమో ఆ కంప్యూటర్‌ను ఉంచుకోక తప్పని డీటీపీ కేంద్రాలు ఎన్నో ఉన్నాయి. ఆ అవసరం నాకు అర్థమవుతుంది. అలాంటప్పుడు దాన్ని ఆ ఒక్క పనికే ఉంచి, నెట్ తీగ తీసేయండి. మెయిళ్లు, చెల్లింపులు వేరే కంప్యూటర్‌లో చూసుకోండి.

మార్చాక చూడవలసినవి

మళ్లీ హెల్ప్, మళ్లీ అబౌట్. కాగితం మీద రాసుకున్న కొత్త అంకె, తెర మీది అంకె ఒకటేనా? ఒకటి కాకపోతే ఇన్‌స్టాల్ పూర్తికాలేదు. కంప్యూటర్‌ను ఒకసారి ఆపి, తిరిగి వేసి చూడండి.

తరువాత మీ పాత ఫైళ్లలో కాస్త క్లిష్టమైనదాన్ని ఒకటి తెరవండి. పెదనాన్న అయితే ఎప్పుడూ ఒకే పద్యం తెరుస్తారు, వత్తులు బాగా పడేది. “స్త్ర్య”, “ర్ధ్వ” లాంటివి ముక్కలు కాకుండా నిలిచాయా, పుట చివర పంక్తి జారిపోయిందా, ప్రింట్ ప్రివ్యూలో అంచులు సరిగ్గా ఉన్నాయా అని చూస్తారు. పట్టికలు, లెక్కలు వాడేవారు లిబ్రెఆఫీస్‌లోని లెక్కల ప్రోగ్రామ్ కాల్క్‌లో మొత్తాలు సరిపోయాయో లేదో చూసుకోండి.

ఎక్స్‌టెన్షన్లు, అంటే లిబ్రెఆఫీస్‌కు తగిలించుకునే అదనపు సౌకర్యాలు, వేసుకున్నవారు ఇంకొక మెట్టు ఎక్కాలి. లిబ్రెఆఫీస్ మారినంత మాత్రాన అవి మారవు. టూల్స్ మెనూలో ఎక్స్‌టెన్షన్స్ తెరిస్తే అక్కడ కూడా విడిగా “చెక్ ఫర్ అప్‌డేట్స్” ఉంటుంది, దాన్ని కూడా నొక్కాలి.

కొత్తది మీ పనికి అడ్డం పడితే వెనక్కి వెళ్లే దారి ఉంది. లిబ్రెఆఫీస్ పాత వెర్షన్లన్నీ డాక్యుమెంట్ ఫౌండేషన్ తన పాత డౌన్‌లోడ్‌ల నిల్వలో ఉంచుతుంది. కొత్తదాన్ని తీసేసి, మీరు రాసుకున్న అంకె ఉన్నదాన్ని అక్కడి నుంచి తెచ్చుకుని వేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో దాచిన 4 ఫోల్డర్‌ను తిరిగి దాని చోట పెట్టండి. ఆ లోపం తరువాతి విడతలో సరయ్యిందేమో నెల తరువాత మళ్లీ చూడవచ్చు.

పెదనాన్న ఇప్పుడు ఇదంతా నెలకోసారి, మొదటి ఆదివారం కాఫీ అయ్యాక సొంతంగా చేసుకుంటున్నారు. పద్యాల నోటుపుస్తకం ఆఖరి పేజీలో నిలువు గీతలు గీసి తేదీ, ప్రోగ్రామ్ పేరు, పాత అంకె, కొత్త అంకె రాస్తారు. పోయిన నెల విన్‌రార్ వరుసలో ఆయన రాసిన పాత అంకె 5.40.